అట్ట వేసి చదివే పుస్తకాలు

"ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే" చదివారా అని మనవాళ్ళలో ఎవర్నడిగినా మూడు రకాల జవాబులొస్తాయి. "ఛ, అలాంటి చెత్త నేను చదవను" అన్నది మొదటిది. "ఏముందో చూద్దామని ఊరికే తిరగేశానండీ" అన్నది రెండోది. మూడోది గొంతు తగ్గించి చెప్పేది: "మూడు భాగాలూ చదివేశాను, ఎవరితోనూ అనకండేం!" 2014 నాటికే ఈ మూడు పుస్తకాలూ కలిపి ప్రపంచమంతటా 10 కోట్ల ప్రతులకు పైగా అమ్ముడుపోయాయి. అందరూ తిరగేసినవాళ్ళే అయితే మరి ఇన్ని కొన్నదెవరు?

ఆ పుస్తకాల వేడి ఎప్పుడో చల్లారింది. సినిమాలు వచ్చాయి, వెళ్ళాయి. చల్లారిన తర్వాతే కొన్ని విషయాలు తీరిగ్గా మాట్లాడుకోవడానికి వీలవుతుంది. అందుకని ఇప్పుడు సమీక్ష రాసే ఉద్దేశం నాకు లేదు. ఆ గొడవలో ఎవరూ సరిగ్గా అడగని ప్రశ్న ఒకటి మిగిలిపోయిందని నాకనిపిస్తుంది. మనకి నచ్చని సుఖాన్ని, బహుశా తప్పనుకునే సుఖాన్ని, ఇంకొకరు ఒక కథలో వెతుక్కుంటే మనం ఏమనాలి? అసలేమన్నా అనడానికి మనమెవరం? అలాగని నోరు మూసుకుని ఊరుకోవడం మర్యాదా, బాధ్యత తప్పించుకోవడమా?

తెలియనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా. లండన్‌లో టెలివిజన్ రంగంలో పనిచేసే ఒకావిడ "ట్వైలైట్" నవలల మీద మోజుతో ఆ పాత్రలనే తీసుకుని తన ఇష్టమొచ్చినట్టు ఇంకో కథ అల్లుకుంది. తర్వాత పేర్లు మార్చి, ఇ.ఎల్. జేమ్స్ అన్న పేరుతో, 2011లో ఆస్ట్రేలియాలోని ఒక చిన్న ప్రచురణ సంస్థ ద్వారా బయటికి తెచ్చింది. 2012లో పెద్ద ప్రచురణకర్తలు హక్కులు కొనుక్కున్నారు. ఆ ఏడాది చివర రాండమ్ హౌస్ సంస్థ అమెరికాలోని తన ఉద్యోగులకి తలా 5000 డాలర్లు బోనస్ ఇచ్చిందంటే అమ్మకాలు ఏ స్థాయిలో జరిగాయో ఊహించుకోవచ్చు. కథలో అనస్తేషియాకి 21 ఏళ్ళు, అప్పుడే చదువు పూర్తిచేస్తున్న పిల్ల. క్రిస్టియన్ గ్రేకి 27, సియాటిల్‌లో కోట్లకు పడగలెత్తినవాడు, సొంత హెలికాప్టరున్నవాడు. మామూలు ప్రేమ అతనికి చేతకాదు. పడగ్గదిలో తను ఆజ్ఞాపించాలి, ఆమె లోబడాలి. కొట్టడం, కట్టెయ్యడం అందులో భాగాలు. దానికో ఒప్పంద పత్రం కూడా తయారుచేస్తాడు. ఏది సమ్మతం, ఏది కాదు, ఆపమని చెప్పడానికి ఏ మాట వాడాలి, అన్నీ అందులో ఉంటాయి.

మొదట్లో ఇది ఎక్కువగా ఈ-పుస్తకంగా పాకింది. ఈ-పుస్తకానికి బయటికి కనిపించే అట్ట ఉండదు. రైల్లో ఎదురుగా కూర్చున్నవాడికి మీరు భగవద్గీత చదువుతున్నారో ఇది చదువుతున్నారో తెలియదు. క్లాసు పుస్తకం మధ్యలో నవల పెట్టుకుని చదివిన తరం మనది. మనకి ఆ సౌకర్యం విలువ వేరే చెప్పక్కర్లేదు.

దీని మీద వచ్చినన్ని రకాల స్పందనలు ఈమధ్య కాలంలో ఇంకో పుస్తకానికి రాలేదేమో. 2012 మేలో ఫ్లోరిడాలోని బ్రెవార్డ్ కౌంటీ గ్రంథాలయాలు దీన్ని అరల్లోంచి తీసేశాయి. పాఠకులు గోల చేస్తే ఆ నెలలోనే తిరిగి పెట్టాయి. అదే ఏడాది ఇంగ్లండ్‌లో, భర్తల చేత దెబ్బలు తిన్న ఆడవాళ్ళకి ఆశ్రయమిచ్చే ఒక సంస్థ ఈ పుస్తకాల్ని పోగేసి తగలబెడతామని ప్రకటించింది. ఇంకోపక్క, కథలో ఒకచోట థామస్ టాలిస్ అనే 16వ శతాబ్దపు సంగీతకర్త కూర్చిన చర్చి గీతం ప్రస్తావన వస్తే, ఆ పాట బ్రిటన్‌లో శాస్త్రీయ సంగీతం అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికెక్కి కూర్చుంది. 2015లో సినిమా వస్తే మలేషియా నిషేధించింది, మన సెన్సారు బోర్డు సర్టిఫికెట్ ఇవ్వనంది. 2016లో వేల్స్‌లోని స్వాన్సీలో ఆక్స్‌ఫామ్ దుకాణానికి జనం చదివేసిన ప్రతులు విరాళంగా ఇచ్చి ఇచ్చి పొయ్యడంతో, అక్కడివాళ్ళు వాటితో ఒక కోట కట్టి, ఇక చాలు మహాప్రభో అని వేడుకున్నారు. తగలబెట్టాలనుకున్నవాళ్ళూ, ఎగబడి కొన్నవాళ్ళూ, చదివి వదిలించుకున్నవాళ్ళూ అందరూ ఒకే పుస్తకం పాఠకులు.

ఇంత కలగాపులగంలోంచి ఏరితే ముఖ్యంగా మూడు ఫిర్యాదులు తేలతాయి. రచన నాసిరకం. విషయం బూతు. ఆడవాళ్ళకి హాని.

మొదటిది తేల్చెయ్యడం తేలిక. రచన నాసిరకమే. ఒకే ఊతపదం, ఒకే పెదవి కొరుక్కోవడం పేజీ పేజీకీ తగులుతుంటాయి. కానీ నాసిరకం రచనలు లోకంలో కొల్లలు. తుపాకుల నవలలు, గూఢచారి నవలలు, విమానాశ్రయాల్లో గుట్టలుగా పోసి అమ్మే థ్రిల్లర్లు ఏమంత నన్నయ శైలిలో ఉంటాయి కనక! వాటిని చదివే మగవాళ్ళ గురించి ఎవరూ కంగారు పడలేదు. డిటెక్టివ్ నవలలు చదివి తెలుగువాళ్ళు హంతకులైపోతారని ఎవరూ సంపాదకీయాలు రాయలేదు. ఈ పుస్తకానికి మాత్రం పత్రికలవాళ్ళు "మమ్మీ పోర్న్" అని పేరు పెట్టారు. ఆ పేరులో పుస్తకం మీద విమర్శ కన్నా పాఠకురాలి మీద వెటకారం ఎక్కువ. పిల్లల్ని బడికి దింపొచ్చి, గిన్నెలు కడుక్కునే మనిషికి ఇలాంటి కోరికలేమిటన్న ఎగతాళి అది. అమ్మలకి కోరికలుంటాయన్న సంగతి లోకానికి ఇంకా వార్తే అయితే సిగ్గుపడాల్సింది అమ్మలు కాదు.

రెండో ఫిర్యాదు మనకి బాగా తెలిసినదే. తెలుగునాట దీని మీద 36 ఏళ్ళ నిషేధం నడిచింది. 18వ శతాబ్దంలో తంజావూరులో ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న ముద్దుపళని "రాధికాసాంత్వనము" అనే శృంగార కావ్యం రాసింది. తను పెంచిన ఇళకి తనే కృష్ణుడితో పెళ్ళి చేయించి, ఆ తర్వాత ఈర్ష్యతో రగిలిపోయే రాధ కథ అది. ఆ కోపం తీర్చడానికి కృష్ణుడు దిగిరావలసి వస్తుంది. ఇదంతా స్త్రీ నోట, స్త్రీ కోరిక దాచుకోకుండా చెప్పిన కావ్యం. కందుకూరి వీరేశలింగంగారు కవుల చరిత్రలో ఇందులో కొన్ని భాగాలు ఆడవాళ్ళు వినదగినవి కావని మండిపడ్డారు. ఆ విమర్శ చదివిన బెంగుళూరు నాగరత్నమ్మగారు కావ్యం వెతికి తెప్పించుకున్నారు. అంతకుముందు అచ్చయిన ప్రతిలో పద్యాలు ఎగరగొట్టారని గమనించి, వ్రాతప్రతి సంపాదించి, 1910లో వావిళ్ళవారి ద్వారా పూర్తి పాఠం అచ్చువేయించారు. 1911లో ప్రభుత్వం నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశంగారి ప్రభుత్వం ఎత్తేసింది. 1952లో వావిళ్ళవారు మళ్ళీ వేశారు.

నాగరత్నమ్మగారు అప్పుడు వేసిన ప్రశ్నకి ఇప్పటిదాకా ఎవరూ సరైన జవాబు చెప్పినట్టు లేదు. ఇలాంటి వర్ణనలు మగకవుల కావ్యాల్లో ఇంతకింత ఉన్నాయి, వాటిని ఇదే పంతులుగారు పరిష్కరించి పదిమంది చేతా చదివించారు, సిగ్గూ బిడియం అనేవి ఆడవాళ్ళకే గానీ మగవాళ్ళకి వర్తించవా అని ఆవిడ నిలదీశారు. శ్రీనాథుడు రాస్తే ప్రౌఢి, ముద్దుపళని రాస్తే తెగింపు. జేమ్స్‌ని ముద్దుపళని పక్కన కూర్చోబెట్టే సాహసం నేను చెయ్యను. ఒకరు కవి, ఒకరు కాదు. వాళ్ళ పాఠకులకి జరిగిన అవమానం మాత్రం ఒక్కటే.

ఇంకో విచిత్రం చూడండి. బూతు అన్న ఫిర్యాదు చేసేవాడు ఎప్పుడూ తన గురించి భయపడడు. 1960లో లండన్‌లో "లేడీ చాటర్లీస్ లవర్" మీద కేసు నడిచినప్పుడు, ఈ పుస్తకాన్ని మీ భార్యలో మీ నౌకర్లో చదవడం మీకు సమ్మతమేనా అని ప్రాసిక్యూటరు జ్యూరీని అడిగాడు. ఆ ప్రశ్నతోనే ఆయన కేసు సగం పోయింది, ఎందుకంటే జ్యూరీలో ఆడవాళ్ళూ ఉన్నారు. పుస్తకం చదివి నేను చెడిపోతానని ఎవరూ అనరు. చెడిపోయేది ఎప్పుడూ పక్కింటివాళ్ళే.

కాబట్టి మొదటి రెండు ఫిర్యాదులనీ పక్కన పెట్టెయ్యొచ్చు. మూడోది అలా కాదు. దాన్ని చేసినవాళ్ళు నీతిబోధకులు కారు, దెబ్బలు తిన్న ఆడవాళ్ళకి రాత్రిళ్ళు తలుపులు తీసినవాళ్ళు. 2013లో అమెరికన్ పరిశోధకురాలు ఏమీ బొనోమీ, ఆవిడ సహచరులు, మొదటి నవలని అధ్యాయాలవారీగా పరిశీలించి, భార్యాభర్తల హింస గురించి వైద్యులు వాడే నిర్వచనాలు ఈ జంటకి సరిపోతున్నాయని తేల్చారు. వెంటాడటం, బెదిరించడం, అయినవాళ్ళ నుంచి దూరం చెయ్యడం లాంటివన్నమాట.

దీనికి పుస్తకం అభిమానులు చెప్పే సమాధానం ఒక్కటే: "కథేగా!" ఆ మాటని తేలిగ్గా తీసెయ్యకూడదు. మన ఆలంకారికులు కొన్ని వందల ఏళ్ళు తర్కించి చెప్పింది దాదాపు అదే. కరుణరసంలో దుఃఖమే ఉంటే రామాయణం ఎవరు చదువుతారు అని సాహిత్యదర్పణంలో విశ్వనాథుడి వాదన. లోకంలో ఏడిపించేది కావ్యంలో ఆనందమిస్తుంది. ఎందుకంటే అక్కడి భావం నాదీ కాదు, నీదీ కాదు, దానివల్ల నాకు వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. ఆ లెక్కన ఒక స్త్రీ ఇలాంటి సన్నివేశం చదివి ఆనందించినంత మాత్రాన తనకి నిజంగా దెబ్బలు తినాలనుందని అర్థం కాదు. పైగా, చదువుతున్నంతసేపూ పగ్గాలు ఆమె చేతిలోనే ఉంటాయి. విసుగేస్తే పేజీ తిప్పేస్తుంది, భయమేస్తే పుస్తకం మూసేస్తుంది. కథలో అనస్తేషియాకి ఆ వీలు ఎప్పుడూ ఇంత సులువుగా దొరకదు.

ఎందుకు ఆనందిస్తుందన్నది నాకు ఇంకా ముఖ్యమైన ప్రశ్న. ఇంట్లో ఎవరి మందులు ఎప్పుడు వేసుకోవాలి, ఎవరి హోంవర్కు ఏమైంది, అత్తగారి వీసా కాగితాలు ఎక్కడున్నాయి, రేపటికి పాలున్నాయా, ఇవన్నీ ఒక్క బుర్రలో మోసే మనిషికి, ఒక గంటసేపు నిర్ణయాలన్నీ ఇంకెవరో తీసుకుంటారన్న ఊహ ఎంత హాయిగా ఉంటుందో ఆలోచించండి. పైగా ఆ ఇంకెవరో తననొక్కదాన్నే చూస్తుంటాడు. ఏం తిన్నదీ, ఎలా ఉన్నదీ, పెదవి ఎందుకు కొరుక్కున్నదీ అన్నీ గమనిస్తాడు. నాకు అర్థమైనంతలో ఆ పాఠకురాలు కోరుకున్నది బానిసత్వం కాదు. కాస్త విశ్రాంతి, తనని పట్టించుకునే మనిషి. మన అమ్మలూ పిన్నులూ 1960లలో జ్యోతి మాసపత్రిక కోసం ఎదురుచూసి యద్దనపూడి సులోచనారాణిగారి "సెక్రటరీ" చదివినప్పుడు రాజశేఖరంలో చూసుకున్నది కూడా ఇలాంటిదే. డబ్బు, దర్పం, పొగరు, వాటి వెనకాల తనకి మాత్రమే తెలిసిన ఒక మెత్తదనం. అందులో పడగ్గది లేదు, ఇందులో ఉంది. హీరో మాత్రం దూరపు చుట్టమే.

అయితే రసం గురించి అంత చెప్పినవాళ్ళు ఇంకో మాట కూడా చెప్పారు. రతి ఇద్దరిలోనూ ఉంటేనే శృంగారం. ఒకరిలోనే ఉండి రెండోవారిలో లేకపోతే అది రసాభాసం. దీనికి అభినవగుప్తుడు చూపించిన ఉదాహరణ సీత మీద రావణుడి వలపు. రావణుడు తనది ప్రేమే అనుకుంటాడు. వినేవాడికి కూడా మొదట అలాగే తోస్తుంది. ముత్యపుచిప్పలో వెండి కనిపించినట్టన్నమాట. ఆభాసం అంటే బొత్తిగా లేనిది కాదు, ఉన్నట్టు మెరిసేది. అందుకే దగ్గరకెళ్ళి చూడాలి.

ఈ కొలతతో ఆ పుస్తకాన్ని చూస్తే నాకు ఒక తిరకాసు కనిపించింది. జనం గోలంతా ఆ పడగ్గది గురించి. కానీ కథ మొత్తం మీద అనుమతి అడగడమనే తంతు కనీసం ఉన్నది ఆ గదికే. ఏం చెయ్యబోతున్నదీ చెప్పడం, కాదన్నవి కొట్టేయడం, ఆపమనడానికి మాట పెట్టుకోవడం అక్కడున్నాయి. అది కూడా ప్రతిసారీ నికరంగా జరగలేదని విమర్శకులు ఎత్తిచూపారు, నిజమే. ఆ గది బయట మాత్రం అడగడమన్న మాటే లేదు. ఆమె బార్ నుంచి ఫోన్ చేస్తే, ఆ ఫోను ఎక్కడుందో కనిపెట్టి అక్కడికొచ్చేస్తాడు. ఆమె పాత కారు అమ్మేసి కొత్తది తెచ్చి నిలబెడతాడు. ఆమె కాస్త ఊపిరి పీల్చుకుందామని జార్జియాలో తల్లి దగ్గరికెళితే అక్కడ ప్రత్యక్షమవుతాడు. రెండో భాగంలో ఆమె ఉద్యోగం చేసే కంపెనీనే కొనేస్తాడు. ఏం తినాలో కూడా ఒప్పందంలో రాయబోతాడు. ఆ ఒప్పందం మీద ఆమె ఎన్నడూ సంతకం పెట్టదు. అయినా అతను అందులో ఉన్నవి చాలా వరకు నడిపించుకుంటూనే పోతాడు. రావణుడికి పుష్పకం, ఇతనికి హెలికాప్టరు.

పోలిక పూర్తిగా సరిపోదని మీరంటారు. ఒప్పుకుంటాను. సీతకి రావణుడంటే అసహ్యం, ఈ పిల్లకి గ్రే అంటే ప్రాణం. సరిగ్గా అందుకే ఇది కష్టమైన ప్రశ్న అయింది. ఇష్టమైనవాడు అడక్కుండా చేస్తే అది ప్రేమా కాదా? ముద్దుకి ఒప్పుకున్న మనిషి ఫోను వెతకడానికి ఒప్పుకున్నట్టా?

మా వృత్తిలో దీనికి తడుముకోకుండా జవాబు చెబుతాం. ఒక ఫైలు తెరవడానికి మీకు అనుమతి ఇచ్చామంటే ఆ సర్వరంతా మీదైనట్టు కాదు. ఎవరికి, దేనికి, ఎంతకాలం అన్నవి విడివిడిగా రాసుకుంటాం. అన్నిటికన్నా ముఖ్యం, ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకునే దారి ఉండాలి. వెనక్కి తీసుకోలేని అనుమతిని మేం అనుమతి అనం, భద్రతాలోపం అంటాం. అలాగే, 40 పేజీల షరతుల కింద "అంగీకరిస్తున్నాను" అన్న మీట నొక్కించుకోవడం నిజమైన అంగీకారం కాదని మా అందరికీ తెలుసు, నొక్కించుకుంటూనే ఉంటాం. మొదటి భాగం చివర్లో అతను బెల్టుతో కొడతాడు. ఆపమనే మాట ఆమె దగ్గరుంది, కానీ వాడదు. ఎందుకు వాడలేదని తర్వాత అతనడిగితే మర్చిపోయానంటుంది. ఆ ఒక్క జవాబుతో ఆ ఒప్పందమంతా కాగితాలకట్టగా తేలిపోయింది. అవసరమైన క్షణంలో నోటికి రాని మాట రక్షణ కాదు. ఆమెని రక్షించింది తన కాళ్ళే, లేచి వెళ్ళిపోయింది. ఈ పుస్తకాన్ని తిట్టేవాళ్ళు చాలామంది ఆ వెళ్ళిపోవడాన్ని లెక్కలోకి తీసుకోరు. మెచ్చుకునేవాళ్ళు తర్వాతి రెండు భాగాల్లో ఆమె తిరిగొచ్చి అతన్ని మార్చడాన్ని మాత్రమే గుర్తుపెట్టుకుంటారు. నాకు బెంగ పుట్టించేది పడగ్గది కాదు, ఆ మార్పు. ఓపిగ్గా ప్రేమిస్తే ఎలాంటి మొగుడైనా మారతాడన్న హామీ మన ఇళ్ళల్లో తరతరాలుగా ఆడపిల్లలకి ఇస్తూనే ఉన్నాం. దాన్ని నమ్మి ఎంతమంది ఎన్నేళ్ళు పోగొట్టుకున్నారో లెక్క రాసినవాళ్ళు లేరు.

ఒక చిన్న పరీక్ష పెట్టుకుందాం. హెలికాప్టరు తీసేసి, గ్రేని మన అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులోని రెండు పడగ్గదుల ఇంట్లో పెట్టండి. మామూలు ప్రోగ్రామరు, సెకండ్‌హ్యాండ్ కారు. పరిచయమైన కొద్ది రోజులకే పిల్ల ఫోను ఎక్కడుందో వెతికి అక్కడికొచ్చాడు. అడక్కుండా ఆమె కారు అమ్మేశాడు. పుట్టింటికెళితే వెనకాలే ఫ్లైటెక్కాడు. మనమేమంటాం? "ముందు తలుపేసుకుని పోలీసులకి ఫోన్ చెయ్యమ్మా" అంటాం. చేసిన పనులు మారలేదు, చేసినవాడి బ్యాంకు బ్యాలెన్సు మారింది. ఆ వెండి మెరుపులో చాలా భాగం డబ్బుదేనన్నమాట.

ఈ మాట ఇక్కడ, దేశం కాని దేశంలో, ఇంకాస్త గట్టిగా చెప్పాలనిపిస్తుంది. మనలో చాలామంది ఆడవాళ్ళు హెచ్-4 వీసా మీద వచ్చినవాళ్ళు. 2015 మేలో నిబంధన మారి కొందరికి ఉద్యోగానుమతి దొరికేదాకా ఆ వీసా మీద ఎవరూ ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదు. కాగితాల మీదే ఆమె పేరు డిపెండెంటు. అలాంటి ఇంట్లో అదుపు అదుపులా రాదు, శ్రద్ధలా వస్తుంది. "నీకెందుకీ చలిలో డ్రైవింగు, నేను తీసుకెళతాగా." "బ్యాంకు గొడవలు నీకెందుకు, నేను చూసుకుంటాగా." "ఎక్కడున్నావో తెలిస్తే నాకు బెంగుండదు, ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి పెట్టు." వీటిలో ప్రతి మాటా నిజమైన ప్రేమతో అనే భర్తలు బోలెడంతమంది. అవే మాటలతో పెళ్ళాన్ని నాలుగ్గోడల మధ్య కట్టిపడేసినవాళ్ళూ ఉన్నారు. న్యూజెర్సీలో 1985లోనే దక్షిణాసియా స్త్రీల కోసం "మానవి" లాంటి సంస్థ పుట్టవలసి వచ్చిందంటే కారణం అదే. రెండింటికీ తేడా మాటల్లో దొరకదు. "వద్దు" అన్నప్పుడు ఏం జరుగుతుందన్న దాంట్లో దొరుకుతుంది. లొకేషన్ ఆపేస్తే నవ్వి ఊరుకున్నాడా, రాత్రంతా నిలదీశాడా?

ఈ తేడా పట్టుకోవడం ఎవరు నేర్పాలి? నిషేధం నేర్పదు. 1911లో పుస్తకాలు ధ్వంసం చేసినవాళ్ళు ఏ ఆడదాన్నీ ఏ మొగుడి నుంచీ కాపాడలేదు. వెటకారం అసలే నేర్పదు, అది చదివినవాళ్ళ నోరు మూయిస్తుంది. నోరు మూసుకున్న మనిషి తనకి ఏది నచ్చిందో, ఏది ఒంటికి పడలేదో ఎవరితోనూ పోల్చి చూసుకోలేదు. నాకు తెలిసి ఈ పుస్తకం మీద అన్నిటికన్నా నమ్మదగిన మాటలు, "ఆ భాగం ఆపకుండా చదివాను, కానీ జార్జియా వెళ్ళినప్పుడు వాడు అక్కడ కూడా తగులుకునేసరికి ఒళ్ళు మండింది" అన్న తరహా మాటలు. ఒకే మనసులో ఇష్టమూ కోపమూ కలిసున్న పాఠకురాలివి. పొగిడేవాళ్ళనీ తిట్టేవాళ్ళనీ ఎదురెదురుగా నిలబెట్టి మిశ్రమ స్పందన అంటుంటాం గానీ, అసలైన మిశ్రమం ఇలా ఒక్క మనిషిలోనే ఉంటుంది. ఆమె అయోమయంలో ఉందనుకుంటే పొరపాటు. చిప్పకీ వెండికీ తేడా చూస్తున్నది ఆమే.

అందుకని మొదటి ప్రశ్నకి నా జవాబు ఇది. ఇంకొకరు కథలో వెతుక్కున్న సుఖం మీద తీర్పు చెప్పే హక్కు మనకి లేదు. ఆ కథ ప్రేమ గురించి చెప్పిన మాట నిజమా అబద్ధమా అని వాదించే హక్కు అందరికీ ఉంది, ఆ వాదన మానెయ్యడం మంచిది కాదు కూడా. ఈ రెండింటినీ కలిపేసినప్పుడల్లా మనం పాఠకురాలిని తిట్టి పుస్తకాన్ని వదిలేశాం.

ఇక్కడ పుట్టి పెరుగుతున్న మన పిల్లలు ఇలాంటివీ, ఇంతకన్నా ముదిరినవీ చదువుతారు, చూస్తారు. ఆపడం మన చేతిలో లేదు. నలభై దాటిన తండ్రిగా కూతురితో ఈ సంభాషణ మొదలుపెట్టడం ఎంత ఇబ్బందో నాకు తెలుసు. కొడుకుతో ఇంకా ఇబ్బంది, కానీ వాడితోనే ఎక్కువ అవసరం. గ్రేలా కోటీశ్వరుడు కావాలని వాడికి చెప్పేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. "వద్దు" అన్న మాట విని ఆగడం మగతనానికి తక్కువ కాదని చెప్పేవాళ్ళు తక్కువ. పుస్తకం లాక్కోకుండా, మొహం చిట్లించకుండా, ఈ పనులన్నీ డబ్బులేనివాడు చేస్తే ఏమంటావురా అని ఒక్క ప్రశ్న అడిగి చూడండి. తర్వాత వాళ్ళు చెప్పేది వినే ఓపిక మాత్రం ఉంచుకోవాలి.